పెట్టె మీద 3200, తెర మీద 2400: ర్యామ్ వేగం ఎక్కడ ఆగిపోతోంది?

ఒంగోలు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. పెళ్ళి వీడియోలు, ఆల్బమ్‌లు తయారుచేసే చిన్న స్టూడియో అతనిది. కంప్యూటర్‌లో రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, నాలుగు ర్యామ్ స్లాట్లున్న బీ450 మదర్‌బోర్డు ఉన్నాయి. ఈ మధ్య డీడీఆర్4 ర్యామ్, 8 జీబీ స్టిక్కులు రెండు జతగా కొన్నాడు. పెట్టె మీద 3200 అని ఉంది. బిగించి చూస్తే టాస్క్ మేనేజర్ 2400 అంటోంది, కంప్యూటర్ భాగాల వివరాలు చూపించే సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ 1200 అంటోంది. బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే తెర నల్లబడి, మూడుసార్లు ఆగి ఆగి వెలిగి, మళ్ళీ 2400 దగ్గరికే వస్తోంది. "దుకాణంలో నన్ను మోసం చేశారా అన్నా?" అని అడిగాడు. అన్నీ రాశాక చివర్లో, "పాత 8 జీబీ స్టిక్కు కూడా అలాగే ఉంచాను, దాని మీద 2400 అని ఉంది" అని ఒక్క వాక్యం చేర్చాడు.

తమ్ముడూ, డాక్టరుకు ఒళ్ళునొప్పులన్నీ వివరంగా చెప్పి, మందుల చీటీ తీసుకుని తలుపు దాకా వెళ్ళాక, "అన్నట్టు రాత్రి నుంచి ఛాతీలో కూడా కొంచెం పట్టేసినట్టుంది" అనే పెద్దమనుషులు ఉంటారు. నీ చివరి వాక్యం ఆ బాపతుది. అసలు జబ్బు అక్కడే ఉందని నా అనుమానం. దుకాణంవాడి మీద కోపం ప్రస్తుతానికి పక్కన పెట్టు.

ముందు నీ 1200 భయం తీరుస్తాను. డీడీఆర్ అంటే డబుల్ డేటా రేట్. క్లాక్ ఒకసారి కొట్టుకునే లోపు సమాచారం రెండుసార్లు కదులుతుంది, పైకి లేచేటప్పుడు ఒకసారి, కిందికి దిగేటప్పుడు ఒకసారి. సీపీయూ-జెడ్ కొట్టుకోవడాలను లెక్కపెడుతుంది, టాస్క్ మేనేజర్ కదలికలను లెక్కపెడుతుంది. కాబట్టి అక్కడి 1200, ఇక్కడి 2400 ఒకటే. నీ ర్యామ్ 3200 వేగానికి చేరిన రోజున సీపీయూ-జెడ్‌లో 1600 దగ్గర కనిపిస్తుంది. "సగం వేగమే ఇచ్చారు" అని ఆ అంకె చూపించి కౌంటరు మీద గుద్దినవారిని నెల్లూరులో 20 ఏళ్ళకు పైగా చూస్తున్నాను. ఈ గందరగోళానికి కారణం అమ్మేవాళ్ళు కూడా. సెకనుకు ఇన్ని మెగా ట్రాన్స్‌ఫర్లు అని రాయవలసిన చోట ఏళ్ళ తరబడి మెగాహెర్ట్జ్ అని రాసుకుంటూ వచ్చారు.

ఇక పెట్టె మీది 3200 సంగతి. ప్రతి స్టిక్కు మీద ఎస్‌పీడీ అనే చిన్న చిప్పు ఉంటుంది. అది ఆ స్టిక్కు జాతకం అనుకో. కంప్యూటర్ వెలగగానే మదర్‌బోర్డు ముందుగా ఆ జాతకం చదువుతుంది. అందులో మొదటి పేజీ జెడెక్ అనే ప్రమాణాల సంస్థ పద్ధతిలో ఉంటుంది. డీడీఆర్4 అయితే 1.2 వోల్టులతో, ఎక్కడ పెట్టినా నడిచే నెమ్మది వేగాలు అక్కడ రాసి ఉంటాయి. నీలాంటి జతల్లో అది 2133 కావచ్చు, 2400 కావచ్చు, 2666 కావచ్చు. రెండో పేజీ తయారీదారు తన స్టిక్కును పరీక్షించి రాసుకున్నది. 3200 వేగం, సీఎల్ 16 (సమాచారం అడిగాక అది వచ్చేదాకా ఎన్ని క్లాకులు ఆగాలో చెప్పే అంకె), 1.35 వోల్టులు అనే తరహాలో ఉంటుంది. ఆ రెండో పేజీ పేరే ఎక్స్‌ఎంపీ. ఇంటెల్ దాన్ని డీడీఆర్3 కాలంలో, 2007లో తెచ్చింది. నీది ఏఎండీ బోర్డు కాబట్టి అదే సంగతి కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అనీ, కొన్నింటిలో ఏ-ఎక్స్‌ఎంపీ అనీ కనిపిస్తుంది. పేరు ఏదైనా పేజీ ఒకటే.

బోర్డు తనంతట తాను రెండో పేజీ తెరవదు, మనం తెరవమనాలి. ఎందుకంటే, ప్రమాణం ప్రకారం చూస్తే అది ఓవర్‌క్లాకింగ్, అంటే ఉండవలసిన వేగాన్ని మించి పరుగెత్తించడం. పెట్టె మీద అంత పెద్ద అక్షరాలతో అచ్చువేసిన వేగం నిజానికి షరతులు వర్తించే వేగమన్నమాట. స్టిక్కు ఒక్కటే ఒప్పుకుంటే చాలదు. ర్యామ్‌ను నడిపే కంట్రోలర్ ఈ రోజుల్లో ప్రాసెసర్ లోపలే ఉంటుంది, అది ఒప్పుకోవాలి. స్లాట్ల నుంచి ప్రాసెసర్ దాకా బోర్డులో వేసిన గీతలు ఆ వేగాన్ని తట్టుకోవాలి. నీ 5600జీకి 3200 దాకా ఏఎండీ స్వయంగా మాట ఇచ్చింది, బీ450 కూడా అడ్డుపడే రకం కాదు. ఇద్దరూ సుముఖంగా ఉన్నప్పుడు మిగిలింది ముగ్గురు స్టిక్కుల కాపురమే.

మీ ప్రకాశం జిల్లావాడికి బండలాగుడు గురించి నేను చెప్పనక్కరలేదు. రెండు పళ్ళ గిత్తను, ముసలి ఎద్దును ఒకే కాడికి కట్టి పందెంలో దింపరు కదా. ర్యామ్‌లోనూ అంతే. అన్ని స్టిక్కులూ ఒకే వేగంతో, ఒకే లెక్కతో నడవాలి, ఎవరి వేగం వారికి ఉండదు. మామూలుగా వెలిగినప్పుడు బోర్డు ముగ్గురి జాతకాలూ చదివి అందరికీ సరిపడే 2400 పట్టుకుంది. నువ్వు ఎక్స్‌ఎంపీ ఆన్ చేయగానే కొత్త జత జాతకంలోని 3200 తీసుకుని పాత స్టిక్కును కూడా అదే వేగంతో పరుగెత్తమంది. అది కూలబడింది. బోర్డు మూడుసార్లు ప్రయత్నించి, "మీ సెట్టింగులు పనికిరాలేదు" అని పాత దారికి వచ్చేసింది. ఇందులో ఏదీ పాడవలేదు. బోర్డు తెలివిగానే ప్రవర్తించింది.

అయితే పాత స్టిక్కు తీసెయ్యమని వెంటనే చెప్పను. ఇక్కడ చాలామంది తొందరపడతారు. నువ్వు వీడియోలు కలిపే పనిలో ఉన్నావు. నీ దగ్గరున్న అతి బరువైన పెళ్ళి ప్రాజెక్టు తెరిచి, మామూలుగా ఏవేవి తెరిచి పెట్టుకుంటావో అవన్నీ తెరిచి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎంత వాడుతోందో చూడు. 5600జీలో గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్‌లోంచి వాటా తీసుకుంటుంది, అది మరచిపోవద్దు. వాడకం 12, 13 జీబీ దాటకపోతే పాతదాన్ని నిశ్చింతగా తీసెయ్. 18 జీబీ దాకా పోతుంటే మాత్రం 3200 వేగంతో 16 జీబీ కన్నా 2400 వేగంతో 24 జీబీయే నీకు మేలు. ర్యామ్ నిండిపోతే విండోస్ మిగిలినదాన్ని డిస్కులోకి తోస్తుంది. అక్కడ పోయే సమయం ముందు ఈ వేగాల తేడా లెక్కలోకే రాదు. వేగం కూడా కావాలంటే ఉన్న స్టిక్కులు అమ్మేసి, ఆ డబ్బుకు కొంత కలిపి, 16 జీబీ స్టిక్కులు రెండున్న జత తీసుకోవడం సరైన దారి. ఇప్పటి జతకు తోడుగా ఇంకో జత కొని నాలుగు స్లాట్లూ నింపుదామనుకోకు. నీ తరం ప్రాసెసర్లకు నాలుగు స్టిక్కులు నింపితే ఏఎండీ ఇచ్చే మాట 2933కు, స్టిక్కులు డ్యూయల్ ర్యాంక్ రకమైతే (ఒకే స్టిక్కులో చిప్పులు రెండు గుంపులుగా ఉండే రకం) 2667కు దిగిపోతుంది. అంతకన్నా ఎక్కువ నడవవచ్చు, నడవకపోవచ్చు. అది నీ అదృష్టం.

వేగం పెంచితే నీకు వచ్చే లాభం ఎంత? లెక్క చూద్దాం. ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారిని చానెల్ అంటారు. ఒక్కో చానెల్ ఒక్కో కదలికకు 8 బైట్లు మోస్తుంది. 3200 దగ్గర అది సెకనుకు 25.6 జీబీ, రెండు చానెళ్ళకూ కలిపి 51.2 జీబీ. 2400 దగ్గర రెండింటికీ కలిపి 38.4 జీబీ. బిల్లులు కొట్టే కంప్యూటర్‌కు ఈ తేడా తెలియనే తెలియదు, అటువంటివారు అడిగితే వదిలెయ్యమనే చెబుతాను. నీకు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి, తెర మీద కదిలే ప్రతి బొమ్మా ఈ దారిలోనే వెళ్ళాలి కాబట్టి, నీకు తెలుస్తుంది. సీఎల్ అంకెను కూడా వేగంతో కలిపి చదవాలి. 3200లో సీఎల్ 16 అంటే 10 నానోసెకన్ల నిరీక్షణ. 2400లో సీఎల్ 17 అంటే 14 పైచిలుకు. ఈ లెక్క తెలియక 3600 సీఎల్ 18 స్టిక్కు కోసం ఎక్కువ డబ్బు పోసి, నిరీక్షణ ఏమైనా తగ్గిందా అని వెతుక్కునేవారున్నారు. అక్కడ కూడా 10 నానోసెకన్లే. పెరిగేది మోత, అంటే సెకనుకు మోసే సమాచారం, ఒక్కటే.

ఇప్పుడు చేతిపని. కంప్యూటర్ ఆపి, గోడ దగ్గర ప్లగ్గు కూడా తీసెయ్. పాత స్టిక్కు తీసి పక్కన పెట్టు. కొత్త జతను ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టాలి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో ఎక్కువగా ఇదే పద్ధతి. బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఏ2, బీ2 అని ఉంటుంది, ఒకసారి సరిచూసుకో. మొదటి రెండు స్లాట్లలోనో చివరి రెండు స్లాట్లలోనో పక్కపక్కన పెడితే రెండూ ఒకే చానెల్‌లో పడి మోత సగానికి సగం పోతుంది. రంగులు బాగున్నాయని పక్కపక్కనే పెట్టి నడుపుతున్నవాళ్ళు నాకు నెలకు ఒకరైనా తగులుతారు. స్టిక్కును రెండు చివర్లా సమంగా, క్లిప్పు టక్కుమనే దాకా నొక్కాలి.

కొత్తపట్నం వైపో, మా మైపాడు వైపో సముద్రానికి దగ్గరలో ఉండే కంప్యూటర్లకు ఇంకో బాధ ఉంది. స్టిక్కు పళ్ళ మీది బంగారు పూతకు తుప్పు పట్టదు కానీ, ఉప్పుగాలి తేమ, ధూళి కలిసి పొరలా పేరుకుంటాయి. రొయ్యల చెరువుల దగ్గరి ఒక ఆఫీసు కంప్యూటర్ 2133 దగ్గర బాగానే నడిచేది, 3200 పెడితే పడిపోయేది. స్టిక్కులు మార్చాలని ఇద్దరు చెప్పారట. నేను చేసిందల్లా ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో పళ్ళు తుడిచి, స్లాటులో గాలి కొట్టడం. నెమ్మది వేగంలో క్షమించే లోపాన్ని ఎక్కువ వేగం క్షమించదు. పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర పాత అలవాటు, నేనూ ఒకప్పుడు చేశాను. గట్టిగా రుద్దితే పూత పోతుంది, రబ్బరు పొడి స్లాటులో పడుతుంది. మానుకో.

బిగించాక ఎక్స్‌ఎంపీ జోలికి పోకుండా ఒకసారి మామూలుగా వెలిగించు. సీపీయూ-జెడ్‌లో చానెల్ అన్న చోట డ్యూయల్ అనో, 2 x 64-bit అనో ఉందో లేదో చూడు. అందులోనే ఎస్‌పీడీ పేజీ ఉంటుంది, స్లాటు మార్చి మార్చి రెండు స్టిక్కుల జాతకాలూ చదువు. ఎక్స్‌ఎంపీ-3200 అనే నిలువు వరుస రెండింటిలోనూ ఉంటే దుకాణంవాడు నిర్దోషి. లేబుల్ మీద 3200 ఉండి, లోపల ఆ వరుసా లేక, మామూలు పట్టికలోనూ 3200 లేకపోతే అప్పుడు ఆ తెరను ఫోటో తీసుకుని వెళ్ళు. అప్పుడు నీ మాటకు బలం ఉంటుంది. ఎక్స్‌ఎంపీ లేకుండానే జెడెక్ పట్టికలో 3200, సీఎల్ 22 ఉండే స్టిక్కులు కూడా ఉన్నాయి. అవి ఏమీ ఆన్ చేయకుండానే 3200కు వెళతాయి. వాటిని మోసం అనకూడదు, కాస్త మందగతి అనాలి.

తర్వాత డెల్ మీటతోనో ఎఫ్2 మీటతోనో బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, సేవ్ చేసి బయటికి రా. తెర నల్లగా ఉండి, ఫ్యాన్లు ఒకటి రెండుసార్లు ఆగి తిరిగితే కంగారుపడకు. బోర్డు కొత్త వేగానికి ర్యామ్‌ను సాధన చేయిస్తోందన్నమాట. ఆ సమయంలో పవర్ బటన్ పట్టుకుని నొక్కేసి, "అన్నా, చచ్చిపోయింది" అని ఫోన్ చేసేవాళ్ళే ఎక్కువ. నీ డీడీఆర్4కు ఒకటి రెండు నిమిషాలు ఓపిక పడితే చాలు. డీడీఆర్5 కొన్నవాళ్ళకు మొదటిసారి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. అసలే వెలగకపోతే ప్లగ్గు తీసి, బోర్డు మీది బిళ్ళ బ్యాటరీని కొన్ని నిమిషాలు బయటపెట్టి మళ్ళీ పెట్టు. సెట్టింగులు మొదటికి వస్తాయి.

ఈ జత ఒక్కటే ఉన్నా 3200 పట్టకపోతే, ఎక్స్‌ఎంపీ ఆన్‌లోనే ఉంచి వేగం అంకెను మాత్రం 2933కు దించి చూడు. అక్కడ నిలిస్తే లోపం కొద్దిపాటిదే. బయాస్ కొత్త కూర్పు వేస్తే ఎన్నోసార్లు తీరిపోతుంది, ఏఎండీ బోర్డులకు మరీ. వోల్టేజీని 1.35 నుంచి 1.38 దాకా పెంచి చూడవచ్చు. 1.4 దాటవద్దని నా సలహా. మన మే నెలలో, రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో కంప్యూటర్ పెట్టె లోపల వేడి ఎంతుంటుందో నీకు తెలుసు. డిసెంబరులో నిలిచిన సెట్టింగు అప్పుడు నిలవకపోవచ్చు. బయాస్ కూర్పు మార్చేటప్పుడు యూపీఎస్ తప్పనిసరి. ఒక స్టూడియో అతను ఈదురుగాలి వానలో ఆ పని మొదలుపెట్టాడు. 40 శాతం దగ్గర కరెంటు పోయింది. బోర్డు మళ్ళీ లేవలేదు.

టాస్క్ మేనేజర్‌లో 3200 కనిపించగానే పని అయిపోయిందని ఫోటో తీసి అందరికీ పంపుతారు. నా దృష్టిలో అసలు పని అప్పుడే మొదలవుతుంది. వెలగడం వేరు, నిలవడం వేరు. మా ఊళ్ళోనే ఒక ఎడిటర్ కంప్యూటర్ ఇలాగే 3200కు ఎక్కింది. పాటలు ఆడుతున్నాయి, ఆటలు ఆడుతున్నాయి, విండోస్‌లో ఏ కంప్లయింటూ లేదు. కానీ మూడు గంటల వీడియో బయటికి తీస్తే (ఎక్స్‌పోర్ట్ చేస్తే) మధ్యలో ఒకచోట ఆకుపచ్చ గళ్ళు పడేవి. మళ్ళీ తీస్తే ఆ చోటు బాగుండి ఇంకోచోట పడేవి. జిప్ ఫైళ్ళు అప్పుడప్పుడు విప్పుకోకుండా మొండికేసేవి. అతను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను మూడుసార్లు తీసి మళ్ళీ వేశాడు, కొత్త హార్డ్ డిస్కు కొన్నాడు, చివరికి కెమెరా కార్డును అనుమానించాడు. రెండు నెలలు గడిచాక నా దగ్గరికి వచ్చాడు. పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపితే రెండో విడతలో తప్పులు బయటపడ్డాయి. మొత్తం 16 జీబీలో పట్టుబడింది ఏడు తప్పులు. వేగాన్ని 2933కు దించితే రాత్రంతా నడిపినా ఒక్కటీ రాలేదు. పోయిన పెళ్ళి దృశ్యాలను మాత్రం ఎవరూ మళ్ళీ తీయలేరు కదా. కెమెరా కార్డులో అసలు ఫైళ్ళు చెరిపేయకుండా ఉంచుకోవడం వల్ల అతను బతికిపోయాడు.

కాబట్టి నువ్వు కూడా ఉచితంగా దొరికే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, రాత్రి స్టూడియో మూసేముందు పెట్టు. నాలుగు విడతలు పూర్తిచేస్తుంది. పొద్దున వచ్చి చూస్తే తప్పులు సున్నా ఉండాలి. "ఒక్కటే వచ్చింది, ఫరవాలేదా?" అని అడగకు. ఒక్కటీ రాకూడదు. ఆ తర్వాత ఒక పెద్ద వీడియోను రెండుసార్లు బయటికి తీసి చూసుకుని, అప్పుడు పెళ్ళివాళ్ళ పని ఒప్పుకో.

కొన్నాళ్ళు 3200 దగ్గర నడిచి, ఒకరోజు మళ్ళీ 2400 కనిపిస్తే గడియారం చూడు. తేదీ కూడా ఎప్పటిదో పాతదానికి పోయి ఉంటే ర్యామ్‌ను తిట్టనక్కరలేదు, సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. మన దగ్గర రాత్రిళ్ళు మెయిన్ స్విచ్చి ఆపి ఇంటికి వెళ్ళే అలవాటు ఉంది, మంచిదే. కానీ గోడ నుంచి కరెంటు అందనంతసేపూ గడియారం ఆ బిళ్ళ మీదే నడుస్తుంది, అందువల్ల అది తొందరగా నీరసిస్తుంది. మల్టీమీటరులో కొత్త బిళ్ళ 3 వోల్టులకు పైన చూపిస్తుంది. 2.7కు వచ్చిందంటే మార్చేసి, ఎక్స్‌ఎంపీ మళ్ళీ ఆన్ చేసుకో. తేదీ సరిగ్గానే ఉండి వేగం మాత్రమే పడిపోయిందంటే, కంప్యూటర్ లేస్తుండగా కరెంటు వచ్చిపోవడం వల్ల బోర్డు భయపడి పాత దారికి వెళ్ళి ఉంటుంది.

ఇది చదివే ఇంటెల్ వాళ్ళకు ఒక మాట. హెచ్410, బీ460 బోర్డుల్లో ఐ5-10400 వంటి ప్రాసెసర్ ఉంటే 3200 స్టిక్కు పెట్టినా 2666 దగ్గరే ఆగుతుంది, ఏ మీట నొక్కినా కదలదు. ఆ చిప్‌సెట్లకు అంతకు మించి అనుమతి లేదు. హెచ్610 కూడా ప్రాసెసర్‌కు ఉన్న హద్దు దాటనివ్వదు. అక్కడ వేగవంతమైన ర్యామ్‌కు పెట్టే డబ్బు దండగ. ల్యాప్‌టాప్‌లలో ఎక్స్‌ఎంపీ మీట సాధారణంగా ఉండదు, తయారీదారు రాసిన హద్దు చూసి దానికి తగ్గ స్టిక్కు కొనుక్కోవడమే.

తమ్ముడూ, ఇక నువ్వు చేయవలసింది: బరువైన ప్రాజెక్టు తెరిచినప్పటి మెమరీ వాడకం, పాత స్టిక్కు తీశాక రెండు కొత్త స్టిక్కుల ఎస్‌పీడీ పేజీలు, ఈ మూడు ఫోటోలు నాకు పంపు. పాత స్టిక్కును మాత్రం ఊరికే పారేయకు. బిల్లుల కంప్యూటర్ ఏదైనా ఉంటే అందులో వేసుకోవచ్చు. ముందు ఆ కంప్యూటర్‌ది డీడీఆర్4 అవునో కాదో చూసుకో. డీడీఆర్3 అయితే స్టిక్కు అడుగున గాడి చోటు వేరుగా ఉంటుంది, కూర్చోదు. కూర్చోనప్పుడు బలంగా నొక్కకు.